యానాం తాతగారి కాగితాలతో ఫ్రెంచి పౌరసత్వం: అర్హత చూసుకోవడం నుంచి పాస్‌పోర్టు దాకా

"మా తాతగారు ఫ్రెంచివాళ్ళ కాలంలో యానాంలో పుట్టారు. మాకు ఫ్రాన్స్ పౌరసత్వం వస్తుందా?" ఈ ప్రశ్న యానాంలోనే కాదు, తాళ్లరేవు, కాకినాడ, రామచంద్రపురం, అమలాపురం వైపు నుంచి కూడా వస్తూనే ఉంది. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఏ ఏజెంటుకో అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. ఆ డబ్బు ఇవ్వకముందే చదవవలసిన సంగతులు ఇక్కడ వరసగా రాస్తున్నాను.

తాతగారు ఎక్కడ పుట్టారన్నది సగం ప్రశ్నే. 1962లో యానాం చట్టప్రకారం భారతదేశంలో కలిసినప్పుడు ఆయన ఏ పౌరసత్వం ఎంచుకున్నారు, ఆ తర్వాత మీ నాన్నగారో అమ్మగారో ఫ్రెంచి పౌరులుగా కాగితాల మీద కొనసాగారా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు దొరికితే మిగతాదంతా ఓపిక పని. దొరక్కపోతే ఎంత ఖర్చు పెట్టినా ఫైలు కదలదు.

ముందు ఇవి ఒకచోట పెట్టుకోండి

- మీది, ఫ్రెంచి పౌరులైన అమ్మ లేదా నాన్నది, వారికి ఆ పౌరసత్వం ఇచ్చిన తాతగారిది లేదా మామ్మది, ముగ్గురివీ పుట్టిన తేదీ రిజిస్టరు నకళ్ళు
- మీ తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్, తాతమామ్మలది దొరికితే అది కూడా
- 1962 నాటి ఎంపిక పత్రం, లేదా దాని ప్రస్తావన ఉన్న ఏ ఫ్రెంచి కాగితమైనా
- పాత ఫ్రెంచి పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డులు, కాన్సులేటు నమోదు కార్డులు, సైన్యం కాగితాలు, పింఛను పుస్తకాలు. గడువు తీరినవైనా పారేయకండి
- మీ ఆధార్, పాస్‌పోర్టు, చిరునామా రుజువు

ఇంట్లో ట్రంకుపెట్టె మొత్తం దింపి చూడండి. బాబాయిలు, మేనత్తలు, ఫ్రాన్స్‌లో స్థిరపడిన పెదనాన్న పిల్లలు, అందరినీ అడగండి. ఒకే ఎంపిక పత్రం మీద అన్నదమ్ములందరి హక్కూ ఆధారపడి ఉంటుంది. అది మీ ఇంట్లో లేకపోయినా వాళ్ళింట్లో ఉండవచ్చు.

1. తాతగారు 1962లో ఏం చేశారో తేల్చుకోండి

యానాం 1954లోనే ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. కానీ చట్టప్రకారం అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి, అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. మీ ఫైలులో అన్నిటికంటే ముఖ్యమైన తేదీ ఈ 1962 ఆగస్టు 16.

ఆ రోజుకు తాతగారు ఎక్కడ కాపురం ఉన్నారో చూడండి.

యానాంలో పుట్టి అక్కడే, లేదా పుదుచ్చేరి, కారైకాల్, మాహేల్లో ఉంటే ఆయన ఆ రోజున భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలంటే 6 నెలల్లోపు, అంటే 1963 ఫిబ్రవరి లోపల, రాతపూర్వకంగా ప్రకటించి ఉండాలి. యానాంలో పుట్టి కాకినాడలోనో రాజమండ్రిలోనో కాపురం ఉన్నా అంతే: ఎంపిక చేసుకోకపోతే భారత పౌరులే.

యానాంలో పుట్టి ఆ రోజుకు భారతదేశం బయట, ఉదాహరణకు సైగాన్‌లోనో పారిస్‌లోనో, స్థిరపడి ఉంటే ఏ ప్రకటనా లేకుండానే ఫ్రెంచి పౌరసత్వం నిలిచింది. అలాంటి కుటుంబాలు ఎంపిక పత్రం కోసం వెతుక్కుంటూ కాలం వృథా చేస్తున్నాయి. వాళ్ళు చూపాల్సింది ఆ పత్రం కాదు, ఆ రోజుకు అక్కడ నివాసం ఉన్నట్టు రుజువు.

తాతగారు ఎంపిక చేసుకుంటే, అప్పటికి 18 ఏళ్ళు నిండని, పెళ్లికాని పిల్లలకు కూడా అదే వర్తించింది. కాబట్టి మీ నాన్నగారు 1950లో పుట్టి ఉంటే ఆయన పేరు మీద విడిగా పత్రం లేదని కంగారు పడనక్కర్లేదు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. 1929లో బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ప్రాంతం నుంచి ఎంతోమంది పిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి యానాం వచ్చేవారు. ఊరికి కల్యాణపురమన్న పేరు అలా వచ్చిందే. ముత్తాతల పెళ్లి యానాంలో జరిగినట్టు కాగితం దొరికితే దాన్ని పౌరసత్వానికి ఆధారమనుకుంటున్నారు. కాదు. పెళ్లి జరిగిన చోటు వల్ల ఎవరూ ఫ్రెంచి పౌరులు కాలేదు. తాతగారి ఇంటి పట్టా, ఫ్రెంచి బడిలో చదివిన సర్టిఫికెట్ కూడా అంతే, అవి తోడుగా పనికొస్తాయి తప్ప వాటంతట అవి నిలవవు.

2. యాభై ఏళ్ళ నిబంధన మీకు తగులుతుందేమో చూడండి

ఏజెంట్లు చెప్పని సంగతి ఇది. తెలిసీ చెప్పరు.

తల్లిదండ్రుల్లో ఒక్కరు ఫ్రెంచి పౌరులైనా బిడ్డ పుట్టుకతో ఫ్రెంచి పౌరుడే అని ఫ్రెంచి సివిల్ కోడ్ 18వ అధికరణం చెబుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అదే కోడ్‌లో 30-3 అధికరణం ఉంది. మీ పూర్వీకులు అర్ధ శతాబ్దానికి పైగా ఫ్రాన్స్ బయటే స్థిరపడి, మీరూ బయటే ఉంటూ, మీరు గానీ మీకు పౌరసత్వం ఇవ్వగలిగిన అమ్మ లేదా నాన్న గానీ ఈ కాలంలో ఫ్రెంచి పౌరులుగా వ్యవహరించకపోతే, పుట్టుక ద్వారా వచ్చిందని రుజువు చేసుకునే అవకాశమే ఇవ్వరు. మన కుటుంబాలకు ఈ లెక్క 1962 ఆగస్టు 16 నుంచి మొదలవుతుంది. అంటే 2012 ఆగస్టు 16తో యాభై ఏళ్ళు నిండాయి.

కాబట్టి ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి:

ఒకటి, 2012 ఆగస్టు 16కు ముందు మీ పేరున గానీ, ఫ్రెంచి పౌరులైన మీ అమ్మ లేదా నాన్న పేరున గానీ ఫ్రెంచి పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు, కాన్సులేటు నమోదు, ఫ్రెంచి ఓటరు జాబితాలో పేరు, సైనిక సేవ, జాతీయత సర్టిఫికెట్, వీటిలో ఏమైనా ఉన్నాయా? మీ ఇద్దరిలో ఎవరో ఒకరికి ఉన్నా ఈ అడ్డు తొలగుతుంది.

రెండు, తాతగారో నాన్నగారో ఆ యాభై ఏళ్ళలో ఫ్రాన్స్‌లో స్థిరంగా కాపురం ఉన్నారా? ఉంటే జీతం చీటీలు, అద్దె రసీదులు, అక్కడి పింఛను కాగితాలు బయటికి తీయండి.

రెండింటికీ "లేదు" అనే జవాబు వస్తే 3వ మెట్టుకు వెళ్ళి డబ్బు ఖర్చు పెట్టవద్దు. తాతగారు 1963లో ఎంపిక చేసుకుని, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ కాన్సులేటు గడప తొక్కకపోతే ఇప్పుడు 2012 తర్వాతి కాగితాలు పుట్టించి పెట్టినా పనికిరావు. మీకు మిగిలేది 8, 9 మెట్లలో చెప్పిన దారులు. నిజం చెప్పాలంటే, ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూడలేం. అయినా రెండు ఎకరాల కొబ్బరితోట తాకట్టు పెట్టాక తెలియడం కంటే ఇప్పుడే తెలియడం నయం.

3. ఫ్రెంచి కాలపు రికార్డు తీయించండి

యానాంలో పుట్టినవారి పాత నమోదు కోసం మొదట అడగాల్సింది యానాం మునిసిపాలిటీలో. రిజిస్టరులో ఉన్న మొత్తం వివరం, పక్కన రాసిన వ్యాఖ్యలతో సహా, పూర్తి నకలు కావాలని అడగండి. తర్వాత జరిగిన మార్పులు ఆ వ్యాఖ్యల్లోనే ఉంటాయి. కంప్యూటరులో ముద్రించి ఇచ్చే సంక్షిప్త సర్టిఫికెట్ చాలదు.

ఫ్రెంచివాళ్ళు వలస ప్రాంతాల రిజిస్టర్ల ప్రతి ఒకటి తమ దేశానికి పంపుకునేవారు. వందేళ్ళు దాటినవి ఎక్స్-ఆన్-ప్రావెన్స్ ఊళ్ళోని విదేశీ వలసల ఆర్కైవ్స్‌లో ఉంటాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో పేజీ పేజీ చూడవచ్చు. వందేళ్ళలోపువి నాంత్ నగరంలోని కేంద్ర పౌర నమోదు కార్యాలయంలో అడగాలి. వెతికేటప్పుడు ఊరి పేరు యానాం అని కొడితే దొరకదు, ఫ్రెంచి కాగితాల్లో అది యనావోన్ (Yanaon) అని ఉంటుంది.

నాంత్‌కు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. ఈ నకలు తెప్పిస్తానని వేలల్లో అడిగేవాళ్ళకు ఇవ్వకండి.

4. మీ వైపు కాగితాలు సరిచేసుకోండి

ఎక్కువ ఫైళ్ళు ఆగేది ఇక్కడే.

మీ పుట్టుక ఏ పంచాయతీలో, ఏ మునిసిపాలిటీలో నమోదైందో కనుక్కోండి. పాత పంచాయతీ రిజిస్టర్లు తహసీల్దారు ఆఫీసులో ఉండవచ్చు, అక్కడా అడగండి. ఎక్కడా లేకపోతే నమోదు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, ఆలస్య నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కోసం దరఖాస్తు చేయాలి. ఏడాది దాటిన నమోదుకు ఆ ఉత్తర్వు తప్పనిసరి.

హెచ్చరిక: ఆలస్య నమోదైతే సర్టిఫికెట్ ఒక్కటే పంపకండి. దాని వెనక ఉన్న ఉత్తర్వు నకలు కూడా జతచేయండి. అది లేని సర్టిఫికెట్‌ను ఫ్రెంచి అధికారులు అనుమానంగా చూస్తారు.

ఇంకా పెద్ద హెచ్చరిక: మన బళ్ళలో చేర్పించేటప్పుడు పుట్టిన తేదీ అటూ ఇటూ వేయించడం మామూలే. పదో తరగతి మార్కుల లిస్టులో ఒక తేదీ, పంచాయతీ రిజిస్టరులో ఇంకో తేదీ ఉంటుంది. రెండూ కలవాలని మార్కుల లిస్టు తేదీతో కొత్త పుట్టుక సర్టిఫికెట్ తీయించకండి. ఒకే మనిషికి రెండు పుట్టుక నమోదులు కనిపిస్తే ఆ ఫైలు మళ్ళీ లేవదు. రిజిస్టరు తేదీనే నిలబెట్టి, తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీలో రాసి ఇవ్వండి.

తల్లిదండ్రుల పెళ్లి సంగతి. అన్నవరంలోనో ఇంటిముందు పందిట్లోనో పెళ్లి చేసుకుని రిజిస్టరు చేయించని జంటలు బోలెడు. హిందూ వివాహ చట్టం కింద ఇప్పుడైనా నమోదు చేయించవచ్చు. సర్టిఫికెట్‌లో నమోదు తేదీ ఒక్కటే కాక, అసలు పెళ్లి జరిగిన తేదీ స్పష్టంగా ఉందో లేదో అక్కడే చూసుకోండి. బిడ్డ మైనరుగా ఉండగానే ఆ తల్లిదండ్రుల బిడ్డ అని చట్టప్రకారం తేలి ఉంటేనే జాతీయతకు లెక్క. పెళ్లి తర్వాత పుట్టినట్టు కనిపిస్తే నాన్న ద్వారా అడిగేవాళ్ళకు ఇది తేలిక. దత్తత వెళ్ళినవాళ్ళది వేరే దారి, ముందే లాయరును కలవండి.

5. పేర్లు ఒకటిగా ఉన్నాయో లేదో చూడండి

ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీయండి. ఒక్కొక్కరికి ఒక అడ్డవరస. ప్రతి కాగితంలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఊరు ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం రాయండి.

ఫ్రెంచి గుమాస్తా రాసిన వర్ణక్రమం వేరు. మన "ఉ" శబ్దానికి వాళ్ళు ఓ, యూ అనే రెండక్షరాలు వేస్తారు. తాతగారి పేరులో అలా ఉండి, మీ ఆధార్‌లో ఒక్క యూ ఉంటే అది తప్పు కాదు, కానీ వివరించాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోవడం ఇంకో చిక్కు. ఫ్రెంచివాళ్ళకు కుటుంబనామం పూర్తిగా కావాలి. పెళ్ళయ్యాక అమ్మ ఇంటిపేరు మారితే ఆమె పుట్టింటి పేరు కూడా చూపాలి.

తేడాలున్నచోట ఇద్దరూ ఒక్కరే అని తహసీల్దారు దగ్గర ధ్రువీకరణ, లేదా నోటరీ అఫిడవిట్ తీసుకోండి. జిల్లా పేరు కూడా గమనించండి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ జిల్లాలు విడిపోయాయి. పాత కాగితంలో తూర్పు గోదావరి, కొత్తదానిలో కోనసీమ ఉంటే అది ఒకే ఊరని రెండు వాక్యాల్లో రాసిపెట్టండి. పారిస్‌లో ఫైలు చూసే మనిషికి అమలాపురం ఏ జిల్లాలో ఉందో తెలియదు.

6. అపోస్టిల్, అనువాదం

ఇక్కడి సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర, వేయించాలి. దగ్గరలో హైదరాబాదు, లేదంటే చెన్నై. అపోస్టిల్ తర్వాతే అనువాదం చేయించండి, ముద్రతో సహా అనువదించాలి. ముందే అనువాదం చేయించినవాళ్ళు రెండోసారి డబ్బు కట్టాల్సి వస్తుంది. అనువాదకులు ఫ్రెంచి అధికారుల జాబితాలో ఉన్నవారై ఉండాలి. తెలుగు నుంచి నేరుగా ఫ్రెంచిలోకి చేసేవారు దొరకడం కష్టం. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న సర్టిఫికెట్ తీసుకుంటే ఆ కష్టం తప్పుతుంది.

7. దరఖాస్తు పెట్టడం

పిల్లలు మైనర్లయి, అమ్మ లేదా నాన్నకు చెల్లుబాటయ్యే ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంటే ఇది తేలిక. బిడ్డ పుట్టుకను ఫ్రెంచి రిజిస్టరులోకి ఎక్కించమని కాన్సులేటును కోరితే చాలు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది కనుక అక్కడివారు పుదుచ్చేరి కాన్సులేటుకు వెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్ళు తమ చిరునామా ఏ కాన్సులేటు పరిధిలోదో చూసుకునే బయల్దేరండి. దయచేసి ఈ పని పిల్లలు 18 దాటేదాకా వాయిదా వేయకండి.

పెద్దవాళ్ళయ్యాక మొదటిసారి అడుగుతుంటే సాధారణంగా ఫ్రెంచి జాతీయత సర్టిఫికెట్ తెమ్మంటారు. ఫ్రాన్స్ బయట పుట్టి బయటే ఉండేవాళ్ళ దరఖాస్తులు పారిస్ న్యాయస్థానంలోని జాతీయత విభాగం చూస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి నిర్ణీత ఫారం తప్పనిసరి, దాని నంబరు 16237. ఫారం ఫ్రెంచి ప్రభుత్వ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఫారం అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

ఫైలు పంపేముందు మొత్తం స్కాన్ చేసి పెట్టుకోండి. ఫైలు పూర్తిగా ఉందని రసీదు ఇచ్చిన తేదీ నుంచి నిర్ణయం చెప్పడానికి వాళ్ళకు 6 నెలల గడువు, దాన్ని రెండుసార్లు పొడిగించవచ్చు. మధ్యలో అదనపు కాగితం అడుగుతూ మెయిల్ వస్తుంది. అది స్పామ్‌లో పడిపోయి గడువు దాటిపోయిన ఫైళ్ళున్నాయి. ఏజెంటు మెయిల్ కాదు, మీ సొంత మెయిల్ ఇవ్వండి.

పుట్టుక ద్వారా అడిగేవాళ్ళకు ఫ్రెంచి భాషా పరీక్ష లేదు. ఉందని చెప్పి కోచింగుకు డబ్బు గుంజేవాళ్ళను నమ్మకండి. వెళ్ళి బతకాలంటే భాష నేర్చుకోవాలి, అది వేరే విషయం.

8. ఫలితం వచ్చాక

సర్టిఫికెట్ వస్తే మొదట పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే వెంటనే రాయండి. అసలు ప్రతి జాగ్రత్తగా దాచి, అడిగినచోట నకలు ఇవ్వండి. తర్వాత పుట్టుక నమోదు ఎక్కించడం, కాన్సులేటులో నమోదు, ఆపైన గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు.

తిరస్కరిస్తే ఉత్తరంలో కారణం చదవండి. పేరు తేడా, కాగితం లోపం లాంటివైతే సరిచేసుకునే దారి ఉంది. నిర్ణయాన్ని సవాలు చేయాలంటే అది అందిన 6 నెలల్లోపు ఫ్రెంచి న్యాయస్థానానికి వెళ్ళాలి, లాయరు తప్పనిసరి. కారణం 30-3 అయితే 21-14 అధికరణం చూడండి. ఆ నిబంధన వల్ల ఆగిపోయినవాళ్ళు ఫ్రాన్స్‌తో సాంస్కృతిక, వృత్తి, ఆర్థిక లేదా కుటుంబ సంబంధాలు స్పష్టంగా నిలుపుకున్నామని చూపగలిగితే ప్రకటన ద్వారా పౌరసత్వం అడగవచ్చు. దానికి బంధువుల ఫోటోలు చాలవు, ఏళ్ళ తరబడి సాగిన సంబంధం కాగితాల్లో కనిపించాలి.

9. పౌరసత్వం రాకపోతే నివాసం

మీరు పుట్టాక నాన్నగారు ఫ్రాన్స్ వెళ్ళి అక్కడ పౌరసత్వం తీసుకుని ఉంటే మీరు పుట్టుకతో ఫ్రెంచి పౌరులు కారు. అప్పటికి మీరు 18 లోపు, పెళ్లికాకుండా, ఆయనతో కలిసి ఉంటూ, ఆయన ఉత్తర్వులో మీ పేరు కూడా రాసి ఉంటేనే మీకు వర్తించింది. నాన్న అక్కడ, పిల్లలు యానాంలో అమ్మమ్మ దగ్గర అంటే లెక్కలోకి రాదు.

అలాంటివాళ్ళకు నివాస కార్డు దారి ఉంది. ఫ్రెంచి పౌరుల పిల్లలు 18 నుంచి 21 ఏళ్ళ మధ్య ఉంటే, లేదా ఆ తర్వాత కూడా తల్లిదండ్రుల పోషణలోనే ఉంటే, దీర్ఘకాలిక వీసా మీద వెళ్ళి 10 ఏళ్ళ కార్డు అడగవచ్చు. 21 దాటినవాళ్ళు పోషణను రుజువు చేయాలి. నెలనెలా బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బు రుజువవుతుంది, సంక్రాంతికి వచ్చినప్పుడు నాన్న చేతిలో పెట్టిన నోట్లు రుజువు కావు. కాబట్టి ఇంటి ఖర్చులు ఇప్పటినుంచే ఖాతాలో వేయించుకోండి.

అమెరికాలో అమ్మానాన్న ఉన్నవాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు. అక్కడా తర్వాత పౌరులైన తల్లిదండ్రుల వల్ల పిల్లలకు వాటంతటదే రావాలంటే 18 నిండకముందే గ్రీన్‌కార్డుతో వాళ్ళ దగ్గర కాపురం ఉండాలి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో అమ్మ ఇరవై ఏళ్ళు పనిచేసినా పిల్లలకు అక్కడి పౌరసత్వం రాదు.

10. ఇక్కడి లెక్క తేల్చుకోండి

మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఫ్రెంచి పాస్‌పోర్టు అందాక భారత పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకండి, ఓటు వేయకండి. పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి.

తర్వాత ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. 1947 ఆగస్టు 15 తర్వాత భారతదేశంలో కలిసిన ప్రాంతానికి చెందినవారికి, వారి పిల్లలకు, మనవలకు, మునిమనవలకు ఈ కార్డుకు అర్హత ఉందని చట్టంలోనే ఉంది. యానాం కుటుంబాలకు అది సరిగ్గా సరిపోతుంది.

పొలం సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఓసీఐ కార్డున్నా కొత్తగా వరి పొలం, కొబ్బరితోట కొనకూడదు. రికార్డులో వ్యవసాయ భూమిగా ఉన్నంతవరకు రొయ్యల చెరువు తవ్విన భూమి కూడా అంతే. భారత పౌరులుగా ఉన్నప్పుడు కొన్నది ఉంచుకోవచ్చు, నాన్నగారి నుంచి వారసత్వంగా రావచ్చు. అమ్మేటప్పుడు మాత్రం ఇక్కడ ఉండే భారత పౌరులకే అమ్మాలి. అన్నదమ్ముల మధ్య పంపకాలు నోటిమాట మీదే నడుస్తున్న ఇళ్ళలో, ఒకరు ఫ్రెంచి పాస్‌పోర్టు తీసుకునేలోపే భాగపత్రం రాయించి రిజిస్టరు చేయించండి.